పత్రికలో నిర్యాణ వార్త, శ్రద్ధాంజలి ప్రకటన రాయడం ఎలా: సమగ్ర మార్గదర్శి

ఇంట్లో మనిషి పోయిన రోజున, దుఃఖంలో ఉన్నవారి మధ్య కాస్త నిబ్బరంగా కనిపించిన అల్లుడికో, తమ్ముడి కొడుక్కో, ఇంటికి దగ్గరైన మాస్టారికో "పేపర్లో వేయించే పని నువ్వు చూడు బాబూ" అని అప్పగిస్తారు. జిల్లా పేజీల పని సాయంత్రానికి ముగింపుకొస్తుంది గనుక చేతిలో ఉండే వ్యవధి కొద్ది గంటలే. ఆ తొందరలో పాత ప్రకటన ఒకటి ముందు పెట్టుకుని, పేర్లూ తేదీలూ మార్చి పంపడం ఆనవాయితీ అయిపోయింది. అందువల్ల ఉద్యోగమంతా కరెంటు స్తంభాలెక్కిన లైన్‌మన్‌కూ, మగ్గం మీద సంపాదించి పిల్లలను చదివించిన ఇల్లాలికీ, పెద్ద వ్యాపారికీ అవే నాలుగు వాక్యాలు దక్కుతున్నాయి.

ఈ రాతకు రెండు బాధ్యతలున్నాయి. రావలసినవారు వేళకు రాగలిగేటట్టు తేదీ, వేళ, చోటు తప్పు లేకుండా చెప్పడం ఒకటి. చదివినవారు "అయ్యో, ఆయనేనా" అని పోల్చుకోగలిగేటట్టు పోయిన మనిషి బతుకును రెండు మాటల్లోనైనా నిజంగా చెప్పడం రెండోది. మొదటి బాధ్యతను చాలామంది నెరవేరుస్తారు. రెండోదాన్ని విశేషణాలకు వదిలేస్తారు. కింద చెప్పిన క్రమం ఆ రెండింటినీ దృష్టిలో పెట్టుకుని, ఒక్క పూటలో పూర్తి చేయడానికి వీలుగా ఏర్పరచినది.

1. రాయవలసింది ఏదో ముందు తేల్చుకోండి

మనం మామూలుగా "పేపర్లో వేయించడం" అనే మాటలో వేరువేరు రచనలు కలిసిపోయి ఉన్నాయి. మరణించిన రోజున అంత్యక్రియల సమయం తెలియజేస్తూ కుటుంబం డబ్బు చెల్లించి వేయించేది నిర్యాణ ప్రకటన. కొద్ది రోజుల తరువాత పెద్దకర్మకో, దశదిన కర్మకో, సంస్మరణ సభకో బంధుమిత్రులను పిలుస్తూ ఫోటోతో వేయించేది శ్రద్ధాంజలి ప్రకటన. విలేకరి రాసి పంపగా, డబ్బు ప్రమేయం లేకుండా జిల్లా పేజీలో వచ్చేది నిర్యాణ వార్త. ఒక రంగంలో పనిచేసినవారి గురించి, వారిని ఎరిగినవారు సంపాదకీయ పేజీకో సాహిత్య పేజీకో రాసేది నివాళి వ్యాసం. ఏడాది తిరిగాక వేయించేది వర్ధంతి ప్రకటన.

వీటి భాష ఒకటి కాదు. ప్రకటనలో కుటుంబం మాట్లాడుతుంది గనుక "మా నాన్నగారు" అనవచ్చు, భక్తి వాక్యం పెట్టుకోవచ్చు, శోకాన్ని చెప్పుకోవచ్చు. వార్తలో పత్రిక మాట్లాడుతుంది గనుక "గారు" ఉండదు, పొగడ్త ఉండదు, పేరు పక్కన బ్రాకెట్లో వయసు ఉంటుంది. వార్త కోసం విలేకరికి ప్రకటన భాషలో రాసి పంపితే, ఆయన దాన్ని కోసి రెండు వాక్యాలకు కుదిస్తారు. మనం ముఖ్యమనుకున్నది ఆ కోతలో పోవచ్చు. కాబట్టి రెండూ అవసరమైతే రెండూ విడివిడిగా రాయాలి.

2. కాగితాలు, మనుషులు: వివరాలు సేకరించడం

రాయడానికి కూర్చునే ముందు ఒక గంట వివరాలకు కేటాయించండి. ఉద్యోగం చేసినవారైతే సర్వీసు రిజిస్టరు, పెన్షను పుస్తకం, పదో తరగతి ధ్రువపత్రం ఇంట్లోనే ఉంటాయి. రైతు అయితే పట్టాదారు పాసుపుస్తకంలో తండ్రి పేరుతో సహా పూర్తి పేరు దొరుకుతుంది. చాలామందికి తట్టని మంచి ఆధారం పాత శుభలేఖ. వధూవరుల పూర్తి పేర్లు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన ఊరు, పెళ్లి తేదీ, ఒక్కోసారి తాతల పేర్లు కూడా అందులో ఉంటాయి. పెళ్లి ఆల్బం ఉన్న పెట్టెలోనే అది కూడా ఉండే అవకాశం ఎక్కువ.

కాగితాల తరువాత మనుషులను అడగాలి. భార్యనో భర్తనో ఆ స్థితిలో ప్రశ్నలతో విసిగించకూడదు. తోబుట్టువుల్లో పెద్దవారిని, కలిసి పనిచేసిన ఒకరిని, ఇరుగుపొరుగులో ఒకరిని అడిగితే చాలు. "ఎలాంటి మనిషి?" అని అడిగితే "చాలా మంచి మనిషి" అనే జవాబే వస్తుంది, దాంతో రాయడానికి ఏమీ ఉండదు. "పొద్దున లేవగానే ఏం చేసేవారు?", "ఊళ్లో ఎవరికి ఏం కావాలన్నా ఈయన దగ్గరకు దేనికోసం వచ్చేవారు?", "చేతి పని ఏం వచ్చు?", "చివరి దాకా మానని అలవాటు ఏది?" వంటి ప్రశ్నలు అడగండి. వాటికి వచ్చే జవాబుల్లో ఒకటి మీ రాతకు ప్రాణం పోస్తుంది.

విన్నదాన్నంతా నమ్మకూడదు. దుఃఖంలో ఉన్న కుటుంబం తెలియకుండానే పెంచి చెబుతుంది. "స్వాతంత్ర్య సమరయోధులు" అన్నప్పుడు సమరయోధుల పెన్షను కాగితమో, 1972లో ఇచ్చిన తామ్రపత్రమో ఉందా అని మెల్లగా అడగాలి. లేకపోతే "క్విట్ ఇండియా ఉద్యమ కాలంలో విద్యార్థిగా ఊరేగింపుల్లో పాల్గొన్నారు" అని, తెలిసినంత మేరకే రాయాలి. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై 1992 ప్రాంతంలో రాష్ట్రమంతా వ్యాపించిన సారా వ్యతిరేక ఉద్యమంలో ఊళ్లోని ఆడవాళ్లతో కలిసి నిలబడిన ఒక అవ్వ గురించి "ఉద్యమాన్ని నడిపించారు" అని రాస్తే, ఆ ఊళ్లో బతికి ఉన్న మిగతా స్త్రీలకు అన్యాయం జరుగుతుంది. "పాల్గొన్నారు" అనే మాటకు ఉన్న గౌరవం తక్కువదేమీ కాదు.

3. పేరు

ఈ రాతలో అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పేరు మీద పెట్టాలి. మనలో చాలామందికి కాగితాల్లో ఉండే పేరు ఒకటి, ఊరు పిలిచే పేరు మరొకటి. ఆధార్ కార్డులో పేరు చూసి రాసిన ప్రకటనను ఆయనతో పాతికేళ్లు టీ తాగినవారు కూడా చదివి దాటేసి వెళ్లిపోవచ్చు. పూర్తి ఇంటిపేరు, పూర్తి పేరు రాసి, ఆ పక్కనే వాడుక పేరును చేర్చాలి. "సైకిల్ షాపు" అనో, "లెక్కల మాస్టారు" అనో, "చిట్టిబాబు" అనో ఊరు పెట్టిన పేరు నలుగురికీ తెలిసినదైతే, ఆ మనిషికి ఇష్టమైనదైతే తప్పక రాయండి. నొప్పించే పేరైతే ఎంత ప్రచారంలో ఉన్నా వదిలేయాలి. ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించవద్దు. ఒకే పేరు గలవారు ఒకే ఊళ్లో పలువురు ఉండే మన దగ్గర, ఇంటిపేరే మనిషిని విడదీసి చూపుతుంది.

స్త్రీల విషయంలో మరో జాగ్రత్త అవసరం. పెళ్లి తరువాతి ఇంటిపేరుతో రాస్తే అత్తవారి ఊరు పోల్చుకుంటుంది, పుట్టిన ఊరు పోల్చుకోదు. ఆమెతో కలిసి చదివినవారికీ, పుట్టింటి వైపు దూరపు బంధువులకూ తెలిసింది పుట్టింటి ఇంటిపేరే. "పుట్టింటి వారు ఫలానా ఊరి ఫలానా వారు" అనే ఒక్క వాక్యం చేరిస్తే సగం బంధువర్గానికి కబురు అందుతుంది.

"కీ.శే." ఎవరి పేరుకు ముందు పెడుతున్నారో ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. మరణించినవారి తల్లిదండ్రులకు, అంతకుముందే పోయిన జీవిత భాగస్వామికి పెట్టవలసిన ఆ గుర్తు, తొందరలో బతికి ఉన్న అన్నగారి పేరు ముందు పడితే ఆ బాధను ఏ సవరణా తీర్చలేదు.

4. తేదీ, వేళ, వయసు

అర్ధరాత్రి దాటాక మరణించినప్పుడు తప్పులు ఎక్కువగా జరుగుతాయి. మన ఇళ్లలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది గనుక, రాత్రి రెండు గంటలకు పోయినవారిని "సోమవారం రాత్రి పోయారు" అంటాం. పత్రికకూ మరణ నమోదుకూ అది మంగళవారం. "మంగళవారం తెల్లవారుజామున 2 గంటలకు" అని రాస్తే ఇద్దరికీ అయోమయం ఉండదు. తిథి రాయదలిస్తే తేదీ పక్కన అదనంగా రాయండి, తేదీకి బదులుగా రాయవద్దు. కుటుంబానికి మాత్రం ఆ తిథి ఎక్కడైనా రాసి పెట్టి ఇవ్వడం మేలు, సంవత్సరీకం నాటికి అందరూ దాని కోసమే వెతుక్కుంటారు.

వయసు దగ్గర నిండిన ఏళ్లు రాయాలి. పెద్దతరం వారికి బడిలో చేర్చిన రోజున పంతులుగారు వేసిన పుట్టిన తేదీయే కాగితాల్లో మిగిలింది, అసలు వయసు రెండు మూడేళ్లు అటూ ఇటూ ఉండవచ్చు. పుట్టుక తేదీ తెలియనప్పుడు పెద్దల మాటల్లోని గుర్తులు ఉపయోగపడతాయి. తెలంగాణలో 1948 సెప్టెంబరు నాటి పోలీసు చర్య అప్పటికి ఎంత పిల్లవాడో, నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగేనాటికి బడికి వెళ్తున్నాడో లేదో, దివిసీమను 1977 నవంబరు 19న ఉప్పెన ముంచెత్తినప్పుడు పెద్ద బిడ్డ కడుపులో ఉందో చంకలో ఉందో పెద్దవాళ్లు చెప్పగలరు. అలా లెక్క తేలినా నిర్ధారణ కానప్పుడు "సుమారు 85" అని రాయడంలో తప్పులేదు. ఒకటి గుర్తుంచుకోండి: ప్రకటనలో వేసిన పేరు, తేదీ, మరణ నమోదులోని వాటికి భిన్నంగా ఉంటే తరువాత బంధువులకు అనవసరమైన సందేహాలు కలుగుతాయి. జనన మరణాల నమోదు చట్టం ప్రకారం మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి గనుక, రెండు పనులకూ ఒకే కాగితం మీది వివరాలను వాడటం క్షేమం.

5. మొదటి వాక్యం, అందులోని క్రియ

మొదటి వాక్యంలో ఎవరు, ఏం చేసేవారు, ఎక్కడివారు, ఎప్పుడు, ఎక్కడ మరణించారు అనే ఐదు సంగతులు రావాలి. ఇవన్నీ ఒకే వాక్యంలో ఇమడకపోతే రెండుగా విడగొట్టవచ్చు, "ఏం చేసేవారు" అనేదాన్ని మాత్రం మొదటి వాక్యంలోనే ఉంచండి. మనిషి పేరు తరువాత ఆ మనిషి పనే ఆయన గుర్తు.

క్రియను కుటుంబ విశ్వాసాన్ని బట్టి ఎంచుకోవాలి. వార్తలో "మరణించారు", "కన్నుమూశారు", "తుదిశ్వాస విడిచారు" ఎవరికైనా సరిపోతాయి. ప్రకటనలో శైవ కుటుంబాలు "శివైక్యం చెందారు" అని, వైష్ణవ కుటుంబాలు "పరమపదించారు" అని, క్రైస్తవ కుటుంబాలు "ప్రభువునందు నిద్రించారు" అని రాసుకుంటాయి. ముస్లిం కుటుంబం కోసం రాస్తున్నప్పుడు జనాజా నమాజు ఏ మసీదులో, జొహర్ (మధ్యాహ్నపు నమాజు) తరువాతా అసర్ (సాయంత్రపు నమాజు) తరువాతా, ఖననం ఏ ఖబరస్తాన్‌లో అనేవి ముఖ్యం. అక్కడ "ఆత్మకు శాంతి కలగాలని హోమం" వంటి పాత నమూనా ముక్క పొరపాటున మిగిలిపోకుండా చూసుకోవాలి. జీవితమంతా హేతువాదిగా, నాస్తికుడిగా, కమ్యూనిస్టుగా బతికిన మనిషిని "స్వర్గస్థులైనారు" అని రాయడం ఆయన బతుకును కాదనడమే. నాస్తికోద్యమ నాయకుడు గోరా నెలకొల్పిన, విజయవాడలోని నాస్తిక కేంద్రం వంటి చోట్ల నుంచి స్ఫూర్తి పొంది కర్మకాండ వద్దని రాసి పెట్టినవారు ఉన్నారు. వారి మాటకు కట్టుబడి "అంతిమయాత్ర", "సంస్మరణ సభ" అనే మాటలే వాడాలి. కుటుంబంలో ఈ విషయమై అభిప్రాయభేదం ఉంటే, పోయిన మనిషి ఏమని కోరుకున్నారో అదే రాయాలని నా నిశ్చితాభిప్రాయం.

6. బతుకును రెండు మూడు వాక్యాల్లో చెప్పడం

ఇది అసలు కష్టమైన చోటు, సమయం ఎక్కువ పెట్టవలసిన చోటు కూడా. మన ప్రకటనల్లో "మృదుస్వభావి, స్నేహశీలి, పరోపకారి, అజాతశత్రువు" అనే వరుస ఎంతగా అలవాటైందంటే, కంటికి అవి అక్షరాలుగా కూడా ఆనవు. ఆ మాటలు అబద్ధమని కాదు, అందరికీ వాడటంతో అవి ఎవరినీ చూపించలేకపోతున్నాయి. ఒక్కొక్క విశేషణాన్ని పట్టుకుని "ఇది ఎలా తెలిసింది?" అని అడగండి. పరోపకారి అని ఎలా తెలిసింది? ఊళ్లో ఎవరికి పెన్షను ఆగినా మండల కార్యాలయానికి తోడు వెళ్లేవారు కాబట్టి. అయితే ఆ సంగతినే రాయండి, విశేషణాన్ని తీసేయండి.

"విద్యుత్ శాఖకు ఆయన చేసిన సేవలు మరువలేనివి" అనే వాక్యాన్ని చూడండి. దాని బదులు "గాలివానకు తీగలు తెగినప్పుడల్లా రాత్రయినా సైకిలు మీద పొలాల వెంట వెళ్లి సరిచేసే లైన్‌మన్‌గా చుట్టుపక్కల ఊళ్లకు తెలుసు" అంటే, ఆ ఊళ్లలో ఆ వెలుగులో చదువుకున్నవారు ఆయనను పోల్చుకుంటారు. రెండో వాక్యం పొడవు కాస్త ఎక్కువే, దానికి అయ్యే ఖర్చును ఇంకెక్కడైనా తగ్గించుకోవచ్చు. "తీరని లోటు", "అశేష బంధుమిత్రులను శోకసాగరంలో ముంచి" వంటివి తీసేస్తే ఆ చోటు దొరుకుతుంది. తొంభై ఏళ్లు నిండిన వారికి "అకాల మరణం" అని వేయడం పాత ప్రకటనను మార్చకుండా పంపినందువల్ల జరిగే పొరపాటు. నిండు జీవితానికి అది తగదు.

స్త్రీల గురించి రాసేటప్పుడు ఈ శ్రద్ధ రెండింతలు కావాలి. ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని చెప్పి ఆపేస్తే, ఆమె డెబ్బై ఏళ్లు ఏం చేసిందో ఎక్కడా నమోదు కాదు. ఈ లోటు మన ఒక్కరిదే కాదు. 1851 నుంచి తాను ప్రచురించిన నిర్యాణ వార్తల్లో అత్యధికం శ్వేతజాతి పురుషులవేనని న్యూయార్క్ టైమ్స్ పత్రిక 2018 మార్చిలో ఒప్పుకుని, ఆనాడు విస్మరించినవారి కోసం "ఓవర్‌లుక్‌డ్" అనే శీర్షికను ప్రారంభించింది. అలా ఆలస్యంగా నివాళి అందుకున్న తొలి పదిహేనుమంది స్త్రీలలో హిందీ నటి మధుబాల కూడా ఉన్నారు. అంత పేరున్నవారికే అలా జరిగినప్పుడు, నాట్లు వేసిన, పాడి చూసిన, మిషను కుట్టిన, డ్వాక్రా సంఘం లెక్కలు రాసిన స్త్రీ సంగతి ఇంటివారు చెబితే తప్ప ఎవరికీ తెలియదు. "గృహిణి" అని ఒక్క మాట రాసే ముందు ఆమె చేతుల మీదుగా ఏమేం నడిచాయో కూతుళ్లను అడగండి.

నేత్రదానమో దేహదానమో జరిగి ఉంటే దాన్ని ఒక వాక్యంలో తప్పక చెప్పండి. మరణించాక సుమారు 6 గంటల్లోపే కళ్లను సేకరించవలసి ఉంటుందనే సంగతి చాలా కుటుంబాలకు ఆ వేళకు తెలియదు. ఇలాంటి వార్తలు చదివిన ఇళ్లలో ఆ తెలివిడి నిలుస్తుంది.

7. కుటుంబ సభ్యుల పేర్లు

జీవిత భాగస్వామి, కుమారులు కోడళ్లు, కుమార్తెలు అల్లుళ్లు, మనుమలు మనుమరాళ్లు అనే వరుస అందరికీ తెలిసిందే. పిల్లలను వయసు క్రమంలో రాస్తే, కుమారులు ముందా కుమార్తెలు ముందా అనే చర్చ రాదు. కూతుళ్ల పేర్లు వదిలేసి అల్లుళ్ల పేర్లు మాత్రమే వేయడం ఇంకా కొన్నిచోట్ల కనబడుతోంది, దాన్ని ఇకనైనా మానాలి. రెండో పెళ్లి వల్ల కలిగిన పిల్లలు, పెంచుకున్న పిల్లలు, ఇంటివారితో మాటలు మానేసిన కొడుకు, కులాంతర వివాహం చేసుకుని దూరమైన కూతురు ఉన్న ఇళ్లలో ఈ జాబితా కొత్త గాయానికి కారణమవుతుంది. రాసేవారు తమంతట తాము ఎవరి పేరూ తీసేయకూడదు, చేర్చకూడదు. ఇంటి పెద్ద ఒకరితో విడిగా మాట్లాడి, వారి చేత జాబితాను చదివించి, సరేననిపించుకోవాలి. ఒప్పందం కుదరకపోతే పేర్లేవీ వేయకుండా "కుటుంబ సభ్యులు, బంధుమిత్రులు" అని ముగించడమే అందరికీ గౌరవం.

8. కార్యక్రమ వివరాలు

అంత్యక్రియల ప్రకటనకు భౌతికకాయాన్ని ఎక్కడ, ఎప్పటివరకు సందర్శనకు ఉంచుతారు, అంతిమయాత్ర ఎన్ని గంటలకు ఎక్కడ మొదలవుతుంది, ఏ శ్మశానవాటికలో ముగుస్తుంది అనేవి కావాలి. పిల్లలు అమెరికా నుంచో గల్ఫ్ నుంచో రావలసి ఉండి ఆలస్యమవుతున్నప్పుడు, విమానం దిగే వేళకు మించి కొంత వెసులుబాటుతో సమయం వేయాలి. పేపరు ఈ-ఎడిషన్‌ను విదేశాల్లో చూసేవారి కోసం "భారత కాలమానం" అని చేర్చవచ్చు.

పెద్దకర్మ రోజు వంశాన్ని, కులాచారాన్ని, ప్రాంతాన్ని బట్టి మారుతుంది గనుక పురోహితుడినో కులపెద్దనో అడిగి తేల్చుకున్న తరువాతే పత్రికకు పంపండి. క్రైస్తవ కుటుంబాల్లో ఆదరణ కూడిక (కుటుంబాన్ని ఓదార్చే ప్రార్థన సభ) తేదీని పాస్టరుగారితో నిర్ధారించుకోవాలి. ఫంక్షన్ హాలు పేరుతో పాటు అందరికీ తెలిసిన గుర్తు ఒకటి ఇవ్వండి: బస్టాండు వెనుక, ఫలానా థియేటరు ఎదుట అన్నట్టుగా. వారమూ తేదీ ఒకదానితో ఒకటి సరిపోయాయో లేదో క్యాలెండరు తీసి చూడండి. "12వ తేదీ శనివారం" అని వేసి ఆ తేదీ ఆదివారమైతే, సగంమంది ముందురోజు వస్తారు.

9. రాయకూడనివి

మరణ కారణం చెప్పాలా వద్దా అనేది కుటుంబం ఇష్టం. "స్వల్ప అనారోగ్యంతో", "కొంతకాలంగా అస్వస్థతతో" అనే మాటలు నిజమైనప్పుడు చాలు. ఆత్మహత్య జరిగిన ఇంటికి రాస్తున్నప్పుడు పద్ధతి గానీ, చోటు గానీ, ఉత్తరంలోని మాటలు గానీ, "ఫలానా కారణంగా" అనే తీర్పు గానీ రాయకూడదు. ఇలాంటి మరణాల వార్తలపై ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. విలేకరి అడిగినా, వాటిని గుర్తుచేసి మౌనంగా ఉండే హక్కు కుటుంబానికి ఉంది.

ఇంటి నంబరుతో సహా పూర్తి చిరునామా, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు, పిల్లలందరూ ఏ వేళకు ఇల్లు వదిలి శ్మశానానికి వెళ్తారు అనేవి ఒకేచోట అచ్చయితే దొంగలకూ సైబరు మోసగాళ్లకూ పని సులువవుతుంది. సంప్రదించడానికి ఒక్క నంబరు చాలు, అదీ దుఃఖంలో ఉన్న భార్యదో భర్తదో కాకుండా మరొక బంధువుది ఉండాలి. ఆస్తి తగాదాలు, వైద్యంపై ఫిర్యాదులు ఈ ప్రకటనలో చోటుచేసుకోకూడదు. వాటికి వేరే వేదికలు ఉన్నాయి.

10. రెండు నమూనాలు

ఇవి ఊహించి రాసినవి. ఒక చేనేత కార్మికురాలి నిర్యాణ వార్త ఇలా ఉండవచ్చు:

"మంగళగిరి: చేనేత కార్మికురాలు (ఇంటిపేరు, పేరు) (78) మంగళవారం తెల్లవారుజామున పట్టణంలోని స్వగృహంలో అనారోగ్యంతో కన్నుమూశారు. చీరాల దగ్గర పుట్టింట చిన్నతనంలోనే కండెలు చుట్టడం, అచ్చు అతకడం నేర్చుకున్న ఆమె, పెళ్లయి మంగళగిరి వచ్చాక యాభై ఏళ్లకు పైగా మగ్గం నేశారు. నిజాం అంచు చీరల నేతలో ఆమె దగ్గర పని నేర్చుకున్నవారు పట్టణంలో పలువురు ఉన్నారు. భర్త మరణించాక నేత మీది సంపాదనతోనే ముగ్గురు పిల్లలను చదివించారు. ఆమెకు కుమార్తె, ఇద్దరు కుమారులు ఉన్నారు. బుధవారం ఉదయం 10 గంటలకు అంత్యక్రియలు జరుగుతాయని కుటుంబ సభ్యులు తెలిపారు."

విశ్రాంత లైన్‌మన్ దశదిన కర్మకు కుటుంబం వేయించే ప్రకటన:

"మా నాన్నగారు, విద్యుత్ శాఖ విశ్రాంత లైన్‌మన్ శ్రీ (ఇంటిపేరు, పేరు) గారు, 'కరెంటు (పేరు)' గా అందరికీ తెలిసినవారు, తేదీ ……… గురువారం రాత్రి 9 గంటలకు పరమపదించారని విచారంతో తెలియజేస్తున్నాము. గాలివానకు తీగలు తెగినప్పుడల్లా రాత్రివేళ సైకిలు మీద పొలాల వెంట వెళ్లిన మా నాన్నగారిని ఎరిగిన ఊళ్లవారందరినీ వారి దశదిన కర్మకు ఆహ్వానిస్తున్నాము. తేదీ ……… ఆదివారం మధ్యాహ్నం 12 గంటలకు, (ఫంక్షన్ హాలు, గుర్తు, ఊరు). ఇట్లు: భార్య, కుమారుడు కోడలు, కుమార్తె అల్లుడు, మనుమలు మనుమరాళ్లు (పేర్లు)."

11. ఫోటో, కొలత, ఎడిషన్, ప్రూఫ్

ఫోటో కోసం చివరి రోజుల్లో ఆసుపత్రిలో తీసినది వాడవద్దు. ముఖం తేటగా, వెనుక లేత రంగు ఉన్నదాన్ని ఎంచుకోండి. పత్రిక కాగితం మీద సిరా పరుచుకుని నీడలు ముదురుతాయి. పెళ్లి ఫోటోలోంచి ముఖం కత్తిరిస్తే పక్కవారి భుజం మిగలకుండా చూడండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నాణ్యత తగ్గుతుంది గనుక డాక్యుమెంటుగా పంపాలి, పాత ఫోటోను స్కాన్ చేయిస్తే 300 డీపీఐకి (అంగుళానికి చుక్కల లెక్క) తగ్గకూడదు.

డిస్‌ప్లే ప్రకటనకు ధరను చాలా పత్రికలు చదరపు సెంటీమీటరు లెక్కన కడతాయి. 8 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు అంటే 80 చదరపు సెంటీమీటర్లు. ధర చదరపు సెంటీమీటరుకు 100 రూపాయలు అనుకుంటే 8,000, దాని మీద 5 శాతం జీఎస్టీ 400 కలిపి 8,400 రూపాయలు. అసలు ధర పత్రికను, ఎడిషన్‌ను, పేజీని బట్టి మారుతుంది, శ్రద్ధాంజలులకు ప్రత్యేక ధర ఉందేమో అడగాలి. తప్పుడు ప్రకటనలు రాకుండా చాలా పత్రికలు ఆసుపత్రి ధ్రువపత్రమో శ్మశానవాటిక రసీదో, ప్రకటన ఇచ్చేవారి గుర్తింపు కార్డో అడుగుతాయి. వాటిని ముందే ఫోన్లో ఫోటో తీసి ఉంచుకుంటే అరగంట కలిసి వస్తుంది.

ఎడిషన్ ఎంపికలో జిల్లాల సరిహద్దులు గుర్తుంచుకోవాలి. 2016లో తెలంగాణలో, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలను పునర్విభజించాక, వియ్యాలవారి ఊరు, పుట్టిన ఊరు, పనిచేసిన ఊరు వేరువేరు జిల్లా పేజీల్లోకి వెళ్లాయి. ఉన్న డబ్బుతో పెద్ద ప్రకటన ఒకే జిల్లాలో వేయించేకంటే, చిన్న ప్రకటనను బంధువులున్న రెండు జిల్లాల్లో వేయించడం ఎక్కువ ఉపయోగకరమని నేను భావిస్తాను.

డబ్బు కట్టాక కూడా పని అయిపోలేదు. మనం ఫోన్లో టైపు చేసి పంపే తెలుగు యూనికోడ్‌లో ఉంటుంది. పత్రిక పేజీలు కూర్చే డీటీపీలో 'అను' వంటి ఫాంట్లలోకి మార్చేటప్పుడు వత్తులు, సంయుక్తాక్షరాలు చెదిరిపోయే ప్రమాదం ఉంది. అందుకే ప్రూఫ్‌ను, అంటే అచ్చుకు ముందు సరిచూసుకునే నకలును, తప్పక అడిగి తెప్పించుకోవాలి. ఇంట్లో ఇద్దరు కూర్చుని, ఒకరు మూల కాగితం పైకి చదువుతుండగా రెండోవారు ప్రూఫ్ మీద వేలు పెట్టి చూడాలి. పేరు, వయసు, తేదీ, వారం, వేళ, ఫోన్ నంబరు, ప్రతి "కీ.శే." ఈ వరుసలో చూస్తే ఏదీ జారిపోదు. ఫోన్ నంబరుకు ఒకసారి రింగ్ ఇచ్చి చూడండి.

12. అచ్చయ్యాక

పొద్దున్నే పత్రిక తెప్పించి ముందుగా తేదీ, వేళ చూడండి. తప్పు పడితే వెంటనే ప్రకటన తీసుకున్న ఏజెన్సీకి ఫోన్ చేసి, మరుసటి రోజు సవరణ వేయమని అడగాలి. మీరు ఆమోదించిన ప్రూఫ్‌లో లేని తప్పయితే సవరణను ఉచితంగా వేయమని అడిగే హక్కు మీకుంటుంది, ప్రూఫ్‌ను దాచి ఉంచడం అందుకే. సవరణ వచ్చేదాకా ఆగకుండా సరైన వేళను బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో వెంటనే పెట్టండి. నాలుగైదు పత్రికలు కొని పక్కన పెట్టండి, ఈ-పేపరు పేజీని పీడీఎఫ్‌గా దింపుకోండి. సేకరించిన వివరాల కాగితాన్ని పారేయకుండా శుభలేఖతో పాటు అదే పెట్టెలో ఉంచండి. వర్ధంతి ప్రకటనకూ, తరువాత ఎవరైనా నివాళి వ్యాసం రాయాలనుకున్నా, ఇప్పటి ప్రకటనలో పట్టక ఆ కాగితంలో మిగిలిపోయిన సంగతులే అవసరమవుతాయి.